ఎల్లోస్టోన్ ఉత్తర రహదారి (శీతాకాల ప్రయాణం)

ఎల్లోస్టోన్ ఉత్తర రహదారి అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం ఉత్తర భాగం గుండా పోయే కొండదారి. ఇది మోంటానా రాష్ట్రంలోని గార్డినర్ పట్టణం వద్ద మొదలై, వయోమింగ్ రాష్ట్రంలో ప్రవేశించి, మామత్ హాట్ స్ప్రింగ్స్, టవర్ కూడలి, లామార్ లోయల మీదుగా సాగి, తిరిగి మోంటానాలోనే ఉన్న కుక్ సిటీ అనే చిన్న ఊరికి చేరుతుంది. దీని పొడవు సుమారు 90 కిలోమీటర్లు. ఉద్యానవనం వాయవ్య మూలగా పోయే 191వ నంబరు రహదారిని మినహాయిస్తే, ఈ వనంలో సంవత్సరం పొడవునా సాధారణ మోటారు వాహనాలు నడిచే దారి ఇదొక్కటే. శీతాకాలంలో వన్యప్రాణులను చూడడానికి ఈ దారి ప్రసిద్ధి చెందినది.

నేపథ్యం

ఎల్లోస్టోన్ 1872 మార్చి 1న జాతీయ ఉద్యానవనంగా ఏర్పడినది. దీని విస్తీర్ణం సుమారు 8,983 చదరపు కిలోమీటర్లు. ఇందులో అధిక భాగం ఎత్తైన పీఠభూమి. ఏటా సగటున 380 సెంటీమీటర్ల మంచు కురుస్తుంది. 1933 ఫిబ్రవరి 9న వనం పడమటి అంచున ఉష్ణోగ్రత సున్నాకు దిగువ 54 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయినది.

నవంబరు మొదటి వారంలో లోపలి రహదారులన్నీ చక్రాల వాహనాలకు మూసివేయబడతాయి. డిసెంబరు మధ్య నుండి మార్చి మధ్య వరకు వాటిపై స్నోమొబైళ్ళు, స్నోకోచ్‌లు అనే మంచు వాహనాలను మాత్రమే అనుమతిస్తారు. 2021లో ఈ వనాన్ని సందర్శించిన సుమారు 48.6 లక్షల మందిలో అత్యధికులు వేసవి యాత్రికులే. శీతాకాలంలో వచ్చేవారు చాలా కొద్దిమంది.

ఉత్తర రహదారిని తెరచి ఉంచడానికి ముఖ్య కారణం కుక్ సిటీ, దాని పక్కనే ఉన్న సిల్వర్ గేట్ గ్రామాలు. వీటికి తూర్పున ఉన్న బేర్‌టూత్ రహదారి 3,337 మీటర్ల ఎత్తుగల కనుమ గుండా పోతుంది. 1936లో ప్రారంభమైన ఆ దారి సాధారణంగా అక్టోబరు మధ్య నుండి మే చివరి వరకు మూసి ఉంటుంది. వయోమింగ్ వైపు నుండి వచ్చే దారిలో కూడా, ఊరికి తూర్పున కొన్ని కిలోమీటర్ల మేర శీతాకాలంలో మంచును తొలగించరు. అందువలన ఈ నెలలలో కార్లు, లారీలు ఈ గ్రామాలకు చేరడానికి ఉద్యానవనం లోపలి దారి ఒక్కటే ఉంటుంది. ఇంధనం, సరుకులు, తపాలా అన్నీ ఈ మార్గానే రావాలి.

మార్గ వివరణ

గార్డినర్ నుండి మామత్: గార్డినర్ సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్నది. ఊరి అంచున రాతితో కట్టిన రూజ్‌వెల్ట్ తోరణం కలదు. దీనికి 1903 ఏప్రిల్ 24న అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ శంకుస్థాపన చేశాడు. ఇక్కడి నుండి దారి దాదాపు 300 మీటర్లు పైకెక్కి మామత్ చేరుతుంది. 1886 నుండి 1918 వరకు ఉద్యానవనం సైన్యం అధీనంలో ఉన్నది. ఆ కాలంలో కట్టిన ఫోర్ట్ ఎల్లోస్టోన్ భవనాలు నేడు వనం పాలనా కేంద్రంగా ఉన్నాయి. వీటి చెంతనే వేడినీటి ఊటల సున్నపు నిక్షేపాలు మెట్లు మెట్లుగా ఏర్పడినవి. చలిగాలిలో ఈ ఊటల నుండి లేచే ఆవిరి దట్టంగా కనిపిస్తుంది. ఆ తేమ చుట్టుపక్కల చెట్లపై గడ్డకట్టి తెల్లని పూతవలె నిలుస్తుంది.

మామత్ నుండి టవర్ కూడలి: ఈ భాగం 29 కిలోమీటర్లు. దారి గార్డ్‌నర్ నదిపై ఎత్తైన వంతెనను దాటి, అండైన్ జలపాతం పక్కగా బ్లాక్‌టెయిల్ పీఠభూమి పైకి చేరుతుంది. ఇక్కడ గాలి ఉధృతంగా ఉండి, రోడ్డుపై మంచును మళ్ళీ మళ్ళీ పేరుస్తూ ఉంటుంది. టవర్ కూడలి నుండి దక్షిణంగా పోయే దారి శీతాకాలంలో వాహనాలకు మూసి ఉంటుంది.

లామార్ లోయ: కూడలి దాటిన వెంటనే దారి ఎల్లోస్టోన్ నదిపై వంతెన దాటి, కొద్ది దూరంలోనే లామార్ నదిని చేరుతుంది. లోయ వెడల్పుగా, చెట్లు తక్కువగా ఉండడం వలన ఎంతో దూరం కనిపిస్తుంది. దారి పక్కన 1907లో స్థాపించబడిన బఫెలో రాంచ్ అనే పశుక్షేత్రం ఉన్నది.

లోయ నుండి కుక్ సిటీ: ఇక్కడ దారి సోడా బ్యూట్ వాగు వెంట ఇరుకైన కొండల మధ్యకు ప్రవేశిస్తుంది. మంచు లోతు పెరుగుతూ వస్తుంది. 1935లో దుంగలతో కట్టిన ఈశాన్య ద్వారం 1987లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించబడినది. ద్వారం నుండి కుక్ సిటీ సుమారు 6 కిలోమీటర్లు.

వన్యప్రాణులు

లోపలి పీఠభూమితో పోలిస్తే ఈ లోయలు పల్లంగా ఉండి, తక్కువ మంచు కలిగి ఉంటాయి. అందుచేత శీతాకాలంలో ఎల్క్ జింకలు, బైసన్లు మేతకై ఇక్కడికి దిగి వస్తాయి. వాటిని అనుసరించి తోడేళ్ళు వస్తాయి. తెల్లని నేలపై వీటి ముదురు ఆకారాలు సులభంగా కనబడతాయి. బైసన్ తన తలను పక్కలకు ఊపుతూ మంచును తోసి కింది గడ్డిని మేస్తుంది. మంచు తీసిన రోడ్డుపై నడక తేలిక కాబట్టి ఈ మందలు తరచుగా దారి మధ్యనే నడుస్తాయి.

20వ శతాబ్దపు ఆరంభంలో ఈ వనంలో పాతిక లోపు బైసన్లే మిగిలాయి. బఫెలో రాంచ్‌లో సాగిన పెంపకం వలన వాటి సంఖ్య పెరిగి, ఇటీవలి కాలంలో వేలకు చేరినది. అయితే మంచు ఎక్కువైన సంవత్సరాలలో మందలు మేత వెదుకుతూ గార్డినర్ వైపు హద్దు దాటుతాయి. వాటి ద్వారా పశువులకు బ్రూసెల్లోసిస్ వ్యాధి సోకుతుందని మోంటానా పశుపోషకుల భయం. అందువలన ప్రతి శీతాకాలం కొన్ని బైసన్లు వేటకు, వధకు గురవుతున్నాయి. 2022-23 శీతాకాలంలో ఇలా తగ్గించబడినవి 1,500కు పైగా ఉన్నాయి. వ్యాధి లేవని తేలిన కొన్నింటిని వధించకుండా ఆదివాసీ తెగలకు అప్పగిస్తున్నారు.

ఈ వనంలోని తోడేళ్ళు 1926 నాటికి నిర్మూలించబడినవి. 1995లో కెనడాలోని ఆల్బెర్టా నుండి 14, 1996లో బ్రిటిష్ కొలంబియా నుండి 17 తోడేళ్ళను తెచ్చి ఇక్కడ విడిచారు. 1994లో సుమారు 19,000గా ఉన్న ఉత్తర భాగపు ఎల్క్‌ల సంఖ్య 2013 నాటికి 4,000 లోపుకు తగ్గినది. దీనికి తోడేళ్ళతో పాటు ఎలుగుబంట్లు, కూగర్లు, మానవుల వేట, కరవు కూడా కారణాలని శాస్త్రజ్ఞులు భావిస్తారు.

ఉద్యానవనంలో వేట నిషేధం, కానీ ఆ రక్షణ హద్దుతో ముగుస్తుంది. లామార్ లోయలో ఎందరో చూసిన 832ఎఫ్ అనే ఆడతోడేలు 2012 డిసెంబరులో వయోమింగ్‌లో వేటగాని తుపాకికి బలి అయినది. దాని కుమార్తె 926ఎఫ్ 2018 నవంబరులో ఇదే దారి చివరన, కుక్ సిటీ ప్రాంతంలో చంపబడినది. 2021-22 శీతాకాలంలో హద్దు వెలుపల 25 ఎల్లోస్టోన్ తోడేళ్ళు హతమైనవి. ఇవి చాలావరకు చట్టబద్ధమైన వేటలే. వేట పరిమితులపై వనపాలకులకు, రాష్ట్రాలకు మధ్య ఈ విషయమై వివాదం నడిచినది.

2022 వరదలు

2022 జూన్ 13న, కరుగుతున్న మంచుపై భారీ వర్షం కురియడంతో నదులు పొంగి, గార్డినర్-మామత్ దారి అనేక చోట్ల కొట్టుకుపోయినది. లామార్ వైపు దారి కూడా దెబ్బతిన్నది. వనం నుండి 10,000 మందికి పైగా సందర్శకులను వెలుపలికి పంపించారు. బేర్‌టూత్ దారి మూతపడే కాలానికి ముందు ఈ దారి బాగుపడకపోతే కుక్ సిటీకి వాహన మార్గమే ఉండదు. అందుచేత మరమ్మతులు వేగంగా జరిగినవి. ఈశాన్య ద్వారపు దారి అక్టోబరు 15న తెరవబడినది. నది ఒడ్డున పోయిన రోడ్డుకు బదులు, గుర్రపు బండ్ల కాలం నాటి పాత గార్డినర్ దారిని వెడల్పు చేసి, తారు వేసి అక్టోబరు 30న తెరిచారు.

ప్రయాణ విషయాలు

శీతాకాలంలో దారి సాధారణంగా మంచుతో, గడ్డకట్టిన నీటిపొరతో కప్పబడి ఉంటుంది. తుఫాను సమయంలో తాత్కాలికంగా మూసివేయవచ్చు. మంచు టైర్లు వాడడం, గొలుసులు వెంట ఉంచుకోవడం, గార్డినర్‌లోనే ఇంధనం నింపుకోవడం మంచిది. మొబైల్ ఫోను సంకేతం దారిలో అధిక భాగం అందదు. కారు ఆగిపోతే సహాయం వచ్చేవరకు తట్టుకోవడానికి దుప్పట్లు, ఆహారం, నీరు అవసరం. కుక్ సిటీ దాటి కార్లు పోలేవు కాబట్టి వచ్చిన దారినే తిరిగి వెళ్ళాలి.

తోడేళ్ళకు, ఎలుగుబంట్లకు కనీసం 91 మీటర్లు, బైసన్లు తదితర జంతువులకు కనీసం 23 మీటర్ల దూరంలో ఉండాలని నిబంధన. రోడ్డు మధ్య వాహనం ఆపరాదు. పక్కనున్న నిలుపు స్థలాలలోనే ఆపాలి. బైసన్ల మంద దారిపై ఉన్నపుడు హారను మోగించకుండా, అవి తొలగే వరకు వేచి ఉండాలి. లోతైన మంచులోకి తరిమివేయబడిన జంతువు తిరిగి దారికెక్కడానికి ఎంతో శక్తిని కోల్పోతుంది. మేత కరువైన కాలంలో దానికి ఆ శక్తి వసంతం వరకు బ్రతకడానికి అవసరం.

ఇవి కూడా చూడండి

ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం
బేర్‌టూత్ రహదారి
బైసన్
తోడేలు