కాంచనమాల: ఏడేళ్ల రాణివాసం

నాటకాల్లో ఆడవేషాలు మగవాళ్లే కట్టిన కాలం అది. స్థానం నరసింహారావు సత్యభామగా నడిచొస్తే జనం రెప్ప వెయ్యడం మరిచేవారు. 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ తీస్తే అందులో గంగ వేషం వేసింది తెలుగమ్మాయి కాదు, పెగ్గీ కాస్టెల్లో. తెలుగింటి ఆడపిల్ల తెర మీదికి రావడానికి ఇంకా చాలా జంకు ఉండేది.

ఆ జంకు పూర్తిగా పోకముందే తెనాలి ప్రాంతం నుంచి కాంచనమాల వచ్చింది. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’లో చిన్న వేషం. మరుసటి ఏడు ‘వీరాభిమన్యు’లో ఉత్తర. 1938లో ‘గృహలక్ష్మి’లో సంసారాన్ని కూల్చే వలపుకత్తె. అదే ఏడు దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’. అగ్రహారాన్నీ మాలవాడనూ ఎదురెదురుగా నిలబెట్టి, తాపీ ధర్మారావు చేత వాడుక భాషలో మాటలు రాయించిన ఆ సినిమాలో కథానాయిక ఆమే. ఆ తర్వాత ‘వందేమాతరం’, ‘మళ్ళీ పెళ్ళి’, ‘ఇల్లాలు’. ఆ పెద్ద కళ్ల బొమ్మ క్యాలెండర్లెక్కి ఇళ్లలోకి వచ్చింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా నిండలేదు.

1942లో జెమినీ స్టూడియో అధిపతి వాసన్ ‘బాలనాగమ్మ’ తీశారు. సినిమా కాసులు కురిపించింది. నాయిక కాంచనమాలకు మాత్రం అదే ఆఖరి పెద్ద సినిమా అయింది. జెమినీతో కుదిరిన ఒప్పందం ఆమెను బయటి సినిమాలకు పోనివ్వలేదు. గొడవ ముదిరి కోర్టుకెక్కింది. ఆమెతో మాట్లాడుతూ వాసన్ ఆ మాటలను చాటుగా రికార్డు చేయించి సాక్ష్యంగా పెట్టారని సినీజనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇంట్లో భర్త గాలి వెంకయ్య క్షయతో మంచం పట్టారు. ఆయన పోయాక ఆమె మనసు చెదిరింది. మళ్లీ కుదుటపడలేదు.

స్టూడియోలు ఆగలేదు. కొత్త నాయికలు వచ్చారు, కొత్త క్యాలెండర్లు వచ్చాయి. కాంచనమాల మద్రాసులోనే, జనం కంటబడకుండా, అయినవాళ్ల ఆదరణలో రోజులు వెళ్లదీసింది. 1963లో ‘నర్తనశాల’ తీసినప్పుడు నిర్మాత లక్ష్మీరాజ్యం ఆమెను పిలిచి ఒక చిన్న పాత్ర ఇచ్చింది. ఒకనాటి అభిమాన తారకు మరో నటి చేసిన మర్యాద అది. ఆ దయ గొప్పదే గాని, పోయిన బతుకును వెనక్కి తేలేకపోయింది. 1981 జనవరిలో ఆమె కన్నుమూసింది.

తెర మీద వెలిగింది ఏడేళ్లు. ఆ తర్వాత బతికింది ముప్పై ఎనిమిదేళ్లు. ఒప్పందంలో ఎవరి మాట చెల్లాలన్నది కోర్టులు తేల్చే సంగతి. కానీ ఒక్క తగాదాతో అంతటి నటికి అన్ని తలుపులూ మూసుకుపోయాయంటే, ఆ నేరంలో పరిశ్రమ మొత్తానికీ వాటా ఉంది. నిర్మాతకు ఇంకో నాయిక దొరికింది. కాంచనమాలకు ఇంకో బతుకు దొరకలేదు.