ధూమనాళ ముఖావరణ విచారము

పొగ త్రాగు గొట్టపుఁ గొనకును నోటికిని నడుమ నొక తొడుగు నుంచుట పలుదేశములయందుఁ గనఁబడు నాచారము. వెండికొన, అకీకుఱాతికొన, తడిపిన గుడ్డ, నేఁటి రబ్బరు తొడుగు, ప్లాస్టిక్కు తొడుగు - ఇవి యన్నియు నొక్క ప్రయోజనమునకే పుట్టినవని తలఁచుట సరికాదు. ఈ తొడుగు దేనిని దేనినుండి కాపాడుచున్నది? నోటిని పొగవేఁడినుండియా? గొట్టమును పండ్లనుండియా? ఒకని నింకొకని యెంగిలినుండియా? ఈ ప్రశ్నము వేసికొనకపోవుటచేతనే, మన పూర్వులు సూక్ష్మక్రిముల నెఱిఁగి హుక్కాకు వేఱువేఱు నోటికొనలు పెట్టుకొనిరను వాదము పండితగోష్ఠులలోఁ దఱచుగా వినవచ్చుచున్నది. ఆ వాదము నిలుచునా యనునదియే యిచ్చటి విచారము.

ఆ వాదమునకుఁ బ్రాచీనాధారముగాఁ జూపఁబడునది చరకసంహితలోని ధూమనేత్రము. సూత్రస్థానమున నైదవ యధ్యాయమున నౌషధధూమపానవిధి కలదు. అది పొగాకు కాదు. పొగాకు అమెరికాఖండమున పుట్టి, పోర్చుగీసువారు వచ్చిన పిదపఁ గాని మన దేశమునకు రాలేదు. హరేణుక, ప్రియంగువు, చందనము, అగరు, గుగ్గులు మొదలగువానిని నూఱి, రెల్లుపుల్లకుఁ బట్టించి, బొటనవ్రేలి లావున 8 అంగుళముల వర్తిని జేసి, యాఱిన పిమ్మటఁ బుల్లను దీసివైచి, నేతఁ దడిపి గొట్టమునఁ గూర్చి త్రాగవలయును. ఆ గొట్టమునకే నేత్రమని పేరు. ఇచ్చట నేత్రమనఁగాఁ గన్ను గాదు. 'నీ' ధాతువుమీఁదఁ గరణార్థమున ష్ట్రన్ ప్రత్యయము (పాణినీయము 3-2-182) చేరఁగా, దేనిచేఁ గొనిపోఁబడునో యది నేత్రమగుచున్నది. కన్నును, వస్తిగొట్టమును, కవ్వపుఁద్రాడును నీ యొక్క పేరనే పిలువఁబడుట పాఠశాలలయందు విద్యార్థులకుఁ జెప్పఁదగిన విశేషము.

నేత్రపుఁ బొడవు వైరేచనికధూమమునకు 24, స్నైహికమునకు 32, ప్రాయోగికమునకు 36 అంగుళములు. అవియుఁ ద్రాగువాని సొంతవ్రేళ్ళ కొలఁత. మూఁడు కణుపులుండవలయును, కొన రేగుగింజ ప్రమాణమున నుండవలయును. ఇంత పొడవేల యనుటకుఁ గారణమును గ్రంథమే చెప్పుచున్నది: దూరమునుండి వచ్చి, కణుపులయొద్ద విఱిగి, నాళమున సన్నగిల్లిన పొగ యింద్రియములను బాధింపదు. ఎంగిలి మాట యచ్చట లేదు. స్వాంగుళప్రమాణమును బట్టి యొక్కొక్కరి కొక్కొక్క నేత్రముండెనని కొందఱు సాధింపఁజూతురు. కాని శరీరావయవములను గొలుచుటకును వైద్యులు స్వాంగుళమునే వాడిరి. అది కొలఁత పద్ధతియే కాని శౌచనియమము గాదు.

ఇఁక పొగాకుగొట్టము. అసద్ బేగను నక్బరు కొలువువాఁడు 1604 ప్రాంతమున విజాపురమునుండి మరలివచ్చుచుఁ బొగాకును దెచ్చి పాదుషా యెదుట నుంచిన కథను దానే వ్రాసినాఁడు. గొట్టము అచ్చినునుండి వచ్చినది. మూఁడు మూరల పొడవు. రెండు కొనలయందు రత్నములును మీనాపనియు. నోటికొన మాత్రము యెమెను దేశపు అకీకు, అండాకారముగలది. అది యాతనికి వేఱుగా దొరకఁగా గొట్టమునకుఁ దగిలించినాఁడు. అనఁగా నోటికొన మొదటినుండియు విడదీయఁదగిన వస్తువే. అక్బరు రెండు మూఁడు పర్యాయములు పీల్చెను, వైద్యుఁడు వారించెను. ఇచ్చటఁ గొన యలంకారమే కాని రక్షణము గాదు.

దీనికే హిందుస్థానీయందు 'ముహ్‌నాల్' అని పేరు. ముఖనాళమున ఖకారము ప్రాకృతమున హకారమగుట వరరుచి సూత్రములఁ జదివినవారికిఁ గ్రొత్త గాదు. పలువురు కూడియుండు సభలయం దెవరి కొన వారు తగిలించుకొనుటతో నిది యెంగిలికి విఱుగుడైనది. ఈ యెంగిలి శబ్దమును గొంచెము పరిశీలింపవలయును. తమిళమున ఎచ్చిల్, కన్నడమున ఎంజల్, మన యెంగిలి - మూఁడును మిగులుట యను నర్థముగల ధాతువునుండి వచ్చినవి. సంస్కృతమున ఉచ్ఛిష్టమును (ఉత్ + శిష్) అంతియే. కావున ముఖ్యార్థము లాలాజలము గాదు, ఒకరు వాడఁగా మిగిలినది. ఎవరు వాడఁగా మిగిలిన దనుదానినిబట్టి దోషము కలుగును, తొలఁగును. బిడ్డ యెంగిలి తల్లికి దోషము గాదు. గురుని యుచ్ఛిష్టము శిష్యునకుఁ బ్రసాదము. పరుని దైనచోఁ దాఁకరాదు. సూక్ష్మక్రిమి యిట్టి బంధుత్వముల నెఱుఁగునా?

పంజాబు జనసంఖ్యానివేదికను (1881) వ్రాసిన ఇబ్బెట్సను దొర తెలిపిన విషయ మొకటి యీ సందేహమును దీర్చుచున్నది. పొలములయందుంచిన హుక్కాల గొట్టములకు గుఱుతులు కట్టెడివారఁట: ముసల్మానున కైన నీలిపాత, హిందువున కైన నెఱ్ఱపాత, తోలుపనివాని కైనఁ దోలుముక్క, పాకీపనివాని కైనఁ ద్రాడు. పొగ త్రాగఁగోరిన మిత్రుఁడు పొరపాటున మైలపడకుండుట కీ యేర్పాటు. ఇట గుడ్డ నోటిని గాపాడుట లేదు, కులమును గాపాడుచున్నది. ఇతరకులమువాఁడు వచ్చినచోఁ జిలుమును మాత్రము గొట్టమునుండి తీసి యిత్తురు; వాఁడు దోసిలినే గొట్టముగాఁ జేసికొని పీల్చును. కులమునుండి వెలివేయుటకు 'హుక్కాపానీ బందు' అను మాటయే యేర్పడినది. దీనిని ఆరోగ్యశాస్త్రమని చెప్పుకొనుట మన పూర్వులకు గౌరవము గాదు. వారు చేసిన పనిని గప్పిపుచ్చుట యగును. చిలుముగొట్టపు మొదట సాధువులు చుట్టు తడిగుడ్డ, 'సాఫీ' యనునది, వేఱు. అది బూడిదను వడియఁగట్టి పొగను జల్లార్చును. ప్రయోజనమును బట్టి చూడఁగాఁ జరకుని నేత్రమునకుఁ జుట్టము అదియే.

తురుష్కులు తృణమణిని నోటికొనకు మేలైనదనిరి. అది యంటురోగములను బట్టదని వారి నమ్మకము. ఐరోపాలో మంటిగొట్టము పొడి పెదవి కంటుకొనకుండఁ గొనకు మైనమో మెఱుఁగో పూసెడివారు. ఆ గొట్టములను పండ్లఁ బట్టుకొని పనిచేసినవారి దంతములు గుండ్రముగా నరిగియుండుట పాఁతశ్మశానముల త్రవ్వకములలోఁ గానవచ్చినది. 19వ శతాబ్దమున గంధకముతో రబ్బరును గట్టిపఱచు విద్య యేర్పడి, ఎబొనైటు కొనలు వచ్చినవి. అవి యెండ తగిలినచో నాకుపచ్చగా మాఱును, పంటిగాట్లు పడును. అందుకే మెత్తని రబ్బరు తొడుగు. అది గొట్టమునకుఁ గవచము, పండ్లకు మెత్త. ఎంగిలితో దానికిఁ బనిలేదు.

తెనుఁగుపల్లెలకు నీ గొడవ లంతగాఁ దగులలేదు. మనవాఁడు చుట్టకు మరగినవాఁడు. చుట్టకు గొట్టము లేదు, నోటికొన లేదు. శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతముల స్త్రీలు నిప్పుకొనను నోటిలోఁ బెట్టుకొను 'అడ్డపొగ'కుఁ దొడుగు మాటయే పొసఁగదు. అంగుటిపుండే దాని ఫలము.

తొడుగు నిజముగా రోగభయమునకై పుట్టినది నేఁటికాలమున. హుక్కాశాలలలో మనిషికొక ప్లాస్టిక్కు కొన నిచ్చు వాడుక వచ్చినది. ప్రపంచారోగ్యసంస్థ 2005లోఁ బ్రకటించిన సూచనపత్రమున, ఒకే నోటికొనను బలువురు వాడుటచే క్షయ, కామెర్లు మొదలగునవి వ్యాపింపవచ్చునని చెప్పఁబడినది. ఆ పత్రముననే, గంటసేపు హుక్కా పీల్చువానికి సిగరెట్టొకటి త్రాగినదానికంటె 100 మొదలు 200 రెట్ల పొగ లోపలికిఁ బోవుననియు, నీటఁ గడిగిన పొగయందును కార్బన్ మోనాక్సైడను విషవాయువు నిలుచుననియుఁ గలదు. తెలంగాణ శాసనసభ 2024 ఫిబ్రవరిలో హుక్కాశాలలను నిషేధించుచుఁ జట్టము చేసినది. ఆ శాలలలో నోటికొన మనిషి మనిషికి మాఱుచుండెడిది. దాని వెనుకనున్న మెత్తనిగొట్టమును, అడుగు నీరును మాత్ర మందఱికి నొక్కటియే.