తెర మీంచి అట్ట మీదకు, అట్ట మీంచి తెర మీదకు

1987లో ఆపిల్ కంపెనీ మ్యాకింటాష్ కంప్యూటర్ల కోసం హైపర్‌కార్డ్ అనే ప్రోగ్రాం విడుదల చేసింది. తెర మీద కార్డుల దొంతర ఉంటుంది. ఒకదాని మీద నొక్కితే దానికి సంబంధించిన ఇంకో కార్డు వస్తుంది. వార్డ్ కనింగ్‌హామ్ అనే అమెరికన్ ప్రోగ్రామర్ తన డిజైన్ ఆలోచనలన్నీ అందులో రాసుకునేవాడు. తీరా చూస్తే ఆ పద్ధతి ఏ ఒక్క యంత్రానికీ కట్టుబడకుండా ఎక్కడికైనా వెంట తీసుకెళ్లేలా ఉండాలనిపించింది. అందుకని అదే పద్ధతిని పెన్నుతో అట్టకార్డుల మీదకు దించాడు. ఇవాళ సాఫ్ట్‌వేర్ టీములకు ఎజైల్ పని పద్ధతుల్లో శిక్షణ ఇచ్చే గదిలో ప్రొజెక్టర్ మీద మెరిసే జీరా టికెట్‌కు, అంటే చేయాల్సిన పని రాసి ఉండే కంప్యూటర్ చీటీకి, పూర్వీకుల్లో ఆ అట్టముక్క ఒకటి.

కనింగ్‌హామ్, కెంట్ బెక్ ఇద్దరూ ఓరెగాన్‌లోని టెక్ట్రానిక్స్‌లో కలిసి పనిచేసినవాళ్లు. 1989 ఊప్‌స్లా సదస్సులో వాళ్లు సమర్పించిన పత్రం పూర్తిగా బోధన గురించే. పాత పద్ధతిలో ప్రోగ్రాములు రాసి చేయి తిరిగినవాళ్లకు ఆబ్జెక్టుల భాషలో ఆలోచించడం ఎలా నేర్పాలన్నది అందులోని ప్రశ్న. వాళ్ల ఉపాయం చాలా తేలిక. ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో రకం ఆబ్జెక్టుకు, ఒక్కో కార్డు, దాని మీద పేరు, చేయాల్సిన పనులు, ఆ పనుల్లో తోడొచ్చే క్లాసులు. 4 అంగుళాలకు 6 అంగుళాల కార్డు నిండిపోయిందంటే ఆ క్లాసు నెత్తిన బరువు ఎక్కువైందని లెక్క. అందరూ బల్ల చుట్టూ చేరతారు. ఎవరి వంతు వస్తే వాళ్లు కార్డు చేత్తో పట్టుకుని, ఆ ఆబ్జెక్టు తామే అయినట్టు మాట్లాడతారు. కార్డు పేరు తెచ్చుకున్నది పాఠం చెప్పే పనిముట్టుగానే. ఎవరి పని ఎంతవరకు వచ్చిందో పైవాళ్లకు లెక్క చెప్పే పని దానికి చాలాకాలం తర్వాత అంటగట్టారు.

1996లో బెక్, క్రైస్లర్ కార్ల కంపెనీ ఉద్యోగుల జీతాల లెక్కలు చూసే సీ3 ప్రాజెక్టులోకి వచ్చాడు. కార్డు మీద క్లాసు పేరు పోయి, వాడేవాళ్ల అవసరం ఒకటి రెండు వాక్యాల ‘కథ’గా చేరింది. రాన్ జెఫ్రీస్ అక్కడ కోచ్. అప్పటి శిక్షణకు సిలబస్ లేదు, సర్టిఫికెట్ లేదు. నేర్పేవాడు టీముతోపాటు అదే గదిలో కూర్చుని పనిచేసేవాడు. క్రైస్లర్ ఆ ప్రాజెక్టును 2000లో ఆపేసింది. అక్కడ రూపుదిద్దుకున్న ఎక్స్‌ట్రీమ్ ప్రోగ్రామింగ్ పద్ధతి మాత్రం అప్పటికే పుస్తకమై ఊళ్లు తిరుగుతోంది. ఎజైల్ చరిత్ర చెప్పేవాళ్లంతా 2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్‌లో 17 మంది సమావేశమై మేనిఫెస్టో రాసిన ఘట్టం దగ్గరే ఆగిపోతారు. నా మటుకు అంతకంటే ఆసక్తికరమైనది ఆ తర్వాత జరిగిన వ్యాపారం.

ఈజెల్ కార్పొరేషన్‌లో 1993లో జెఫ్ సదర్లండ్ మొదలుపెట్టిన స్క్రమ్ అనే ఎజైల్ పద్ధతిని కెన్ శ్వేబర్ రెండు రోజుల తరగతిగా మలిచాడు. 2002లో స్క్రమ్ అలయన్స్ ఏర్పడింది. అప్పట్లో తరగతిలో కూర్చుని లేస్తే చాలు, సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్ అయిపోయేవారు. మొదట్లో పరీక్షన్నదే లేదు. ఈ సర్టిఫికెట్ల దగ్గరే విభేదాలు వచ్చి 2009లో శ్వేబర్ బయటికి వచ్చేశాడు. స్క్రమ్ డాట్ ఆర్గ్ పెట్టి, తరగతితో నిమిత్తం లేకుండా గంటలో 80 ప్రశ్నల పరీక్ష తెచ్చాడు. నెగ్గాలంటే 85 శాతం రావాలి.

ఆ తరగతుల్లో ఆటలూ ఉండేవి. పని ఎంత పెద్దదో అంచనా వేయడానికి అందరూ ఒకేసారి అంకె చూపించే ప్లానింగ్ పోకర్‌ను 2002లో జేమ్స్ గ్రెనింగ్ మొదలుపెట్టాడు, మైక్ కోన్ ప్రచారంలోకి తెచ్చాడు. పేకముక్కల మీద 1, 2, 3, 5, 8, 13. ఇటలీవాడు ఫిబొనాచీ పేరు మోస్తున్న ఈ వరుసను, ఇన్ని మాత్రల పాదాన్ని లఘువులు గురువులతో ఎన్ని రకాలుగా కూర్చవచ్చో లెక్కగట్టిన విరహాంకుడూ హేమచంద్రుడూ అతనికంటే ముందే పట్టుకున్నారు. ఎజైల్ తరగతిలో ఈ సంగతి చెప్పేవాళ్లు అరుదు!

జీరా వంశం వేరు. 2002లో సిడ్నీలో మైక్ క్యానన్-బ్రూక్స్, స్కాట్ ఫార్క్వర్ క్రెడిట్ కార్డు అప్పుతో అట్లాసియన్ మొదలుపెట్టారు. తప్పుల పట్టీ రాసుకోవడానికి వాళ్లు అప్పటిదాకా బగ్‌జిల్లా వాడేవారు. సొంతంగా కట్టుకున్నదానికి గాడ్జిల్లా జపాన్ పేరు గొజీరాలోంచి చివరి రెండక్షరాలు తీసి పెట్టారు. దానికీ కార్డుకూ చుట్టరికం మొదట్లో లేదు. గ్రీన్‌హాపర్ అనే బయటివాళ్ల ప్లగిన్ జీరా టికెట్లను గోడకు అంటించిన కార్డుల్లా చూపించింది. 2009లో అట్లాసియన్ ఆ ప్లగిన్‌ను కొనేసింది. అట్టమీది కార్డు మళ్లీ తెరెక్కింది.

ఎందుకెక్కింది అన్నదానికి హైదరాబాద్‌లో ఒక జవాబుంది. 2004లో మైక్రోసాఫ్ట్ అంతర్గత ఐటీ విభాగంలో ఎక్స్‌ఐటీ అనే మరమ్మతుల టీము ఉండేది. పని ఇచ్చేవాళ్లు అమెరికాలోని రెడ్మండ్‌లో, కోడ్ రాసేవాళ్లు, టెస్ట్ చేసేవాళ్లు హైదరాబాద్‌లో. వచ్చిన ప్రతి కోరికకూ ముందుగా అంచనా వేసివ్వాలి. ఆ అంచనాలే టీము శక్తిలో మూడో వంతు దాకా మింగేవి. మేనేజర్ డ్రాగోస్ డుమిట్రియు, డేవిడ్ ఆండర్సన్ సలహాతో అంచనాలు మానిపించాడు. ఒకేసారి చేతిలో ఇంతకు మించి పని ఉండకూడదని హద్దు గీశాడు. దాదాపు ఐదు నెలలు పట్టే పనులు రెండు వారాలకు దిగాయి. ఇలా చేతిలోని పనికి హద్దు పెట్టే పద్ధతే కాన్‌బాన్; సాఫ్ట్‌వేర్ కాన్‌బాన్ చరిత్ర రాసేవాళ్లు దీన్నే మొదటి ప్రయోగంగా చెప్తారు. ఇంత జరిగినా అక్కడ గోడ మీద ఒక్క కార్డూ లేదు, అంతా కంప్యూటర్ పట్టీలోనే. మధ్యలో సముద్రాలున్నప్పుడు గోడ ఏ ఊళ్లో కట్టాలి?

దూరం వల్ల తెర తప్పలేదు సరే, శిక్షణ కూడా దాని వెంటే పోవడం నాకు నచ్చదు. హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రాల బోర్డుల మీద స్క్రమ్, జీరా పక్కపక్కనే ఒకే కోర్సులా కనిపిస్తాయి. కథ ఎలా ముక్కలు చేయాలన్నది గంటలో ముగిసి, టికెట్ ఏ మెనూలోంచి తెరవాలన్నది రోజంతా సాగుతుంది. జెఫ్రీస్ 2001లోనే చెప్పాడు: కార్డు గుర్తుకోసమే, దాన్ని పట్టుకుని మనుషులు మాట్లాడుకోవాలి, కోరింది వచ్చిందో లేదో చివర్లో సరిచూసుకోవాలి. తెర మీది టికెట్‌కు అంచుల్లేవు, ఎంతైనా రాయొచ్చు. అంతా అందులోనే రాసి ఉంటే అడగడానికి లేచి వెళ్లేదెవరు? పైగా బల్ల మీది కార్డును ఎవరి చేయైనా జరపగలదు. జీరాలో ఏ టికెట్ ఏ గడిలోంచి ఏ గడిలోకి ఎవరు జరపవచ్చో అడ్మిన్ నిర్ణయిస్తాడు. ఆ అడ్మిన్‌కు వేరే శిక్షణ, వేరే సర్టిఫికెట్ ఉన్నాయి.