సిస్టమ్ లాగ్ (లినక్స్)

లినక్స్ కంప్యూటర్‌లో జరిగే సంగతులను వేళతో సహా రాసిపెట్టే చిట్టా. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం కోసం రాసిన సిస్‌లాగ్ దీనికి మూలం. సందేశాల తీవ్రతకు 0 నుంచి 7 దాకా ఎనిమిది స్థాయిలున్నాయి. ఇవి పోలవరం దిగువన ధవళేశ్వరం వద్ద గోదావరి మట్టం 11.75, 13.75, 17.75 అడుగులకు చేరితే ఇచ్చే ప్రమాద హెచ్చరికల్లాంటివే. కాకపోతే గోదావరికి అంకె పెరిగితే ప్రమాదం, ఇక్కడ తగ్గితే. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే: స్థాయిని 3 (ఎర్రర్) దగ్గర ఆపితే 4 నుంచి 7 దాకా ఉన్నవేవీ నమోదు కావు.

రీబూట్‌తో పాత లాగ్ మాయమవుతుంటే జర్నల్ (జర్నల్‌డీ సర్వీసు రాసే లాగ్) ర్యామ్‌లోనే ఉంటోందన్నమాట. జర్నల్‌డీ సెట్టింగుల్లో ‘స్టోరేజ్’ను ‘పర్సిస్టెంట్’ చేసి, ఆ సర్వీసును రీస్టార్ట్ చేస్తే డిస్కులో నిలుస్తుంది. అసలేమీ నమోదు కాకపోతే ముందు డిస్కు నిండిందేమో చూడాలి. ఆనక ‘లాగర్’ కమాండుతో ఒక సందేశం పంపి, అది జర్నల్‌ను చూపే ‘జర్నల్‌సీటీఎల్’లో కనిపిస్తుందో లేదో గమనించాలి.