మారకపు రేటులో దాగిన ఖర్చు: వట్టం నుంచి ఆన్‌లైన్ చెల్లింపుల వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• వట్టం అంటే ఏమిటో, అది ఏ పరిస్థితుల్లో ఏర్పడిందో వివరించగలరు.
• హైదరాబాద్ రాజ్యంలో హాలీ, కల్దారు రూపాయల మధ్య మారకం ఎలా సాగిందో తెలుపగలరు.
• నేటి ఆన్‌లైన్ చెల్లింపుల్లో రుసుముకు, మారకపు రేటులో కలిసిన ఖర్చుకు తేడా గుర్తించి లెక్కించగలరు.

1. పరిచయం

డబ్బును ఒక నాణెం నుంచి మరొక నాణెంలోకి మార్చి పంపేటప్పుడు రెండు రకాల ఖర్చులు ఉంటాయి. మొదటిది రుసుము. అది పేరు పెట్టి అడిగేది, రసీదు మీద కనిపించేది. రెండోది మారకపు రేటులోనే కలిసిపోయిన ఖర్చు. వంద రూపాయలు రావలసినచోట తొంభై ఏడు వస్తే, ఆ మూడు రూపాయలు ఎవరికి చేరాయో రసీదు చెప్పదు. ‘నేటి రేటు ఇది’ అని మాత్రమే చెబుతుంది.

ఈ రెండో ఖర్చు ఇంటర్నెట్‌తో పుట్టినది కాదు. రెండు నాణేలు పక్కపక్కన చెలామణి అయిన ప్రతిచోటా అది ఉంది. మన ప్రాంతంలో దానికి వట్టం అనే పేరు కూడా ఉంది. ఆ ఖర్చు ఎప్పుడు పెరిగింది, ఎలా తగ్గింది, దాని భారం ఎవరి మీద పడింది అన్న ప్రశ్నలకు తెలుగు ప్రాంతాల ద్రవ్య చరిత్ర మంచి సమాధానాలు ఇస్తుంది.

2. వట్టం, షరాబు

పద్దెనిమిదో శతాబ్దంలో దేశమంతటా చెల్లే ఒకే నాణెం లేదు. దక్షిణాదిన బంగారు వరహాలు, ఉత్తరాదిన వెండి రూపాయలు ప్రధానంగా చెలామణి అయ్యేవి. తెలుగు తీరప్రాంతంలో రెండూ కలిసేవి. మద్రాసులో ఈస్టిండియా కంపెనీ ఒక వరహాకు 42 ఫణాలు, ఒక ఫణానికి 80 కాసుల చొప్పున లెక్కలు రాసుకునేది. కాని బజారులో ఆ లెక్క అలాగే నిలిచేది కాదు. బంగారం, వెండి, రాగి ధరలు మారినకొద్దీ నాణేల మధ్య మారకం కూడా మారేది.

నాణెం అరిగిందా, కల్తీ ఉందా, ఏ టంకశాలలో అచ్చయింది అని పరీక్షించి మార్చి ఇచ్చేవాడు షరాబు. నాణెం ముఖవిలువకు, అతను ఇచ్చే విలువకు మధ్య తేడాయే వట్టం. బెంగాల్‌లో ఇది మరింత స్పష్టంగా కనిపించేది. అక్కడ సిక్కా రూపాయి మీద చక్రవర్తి పాలనా సంవత్సరం ముద్రించేవారు. నాణెంలో వెండి అంతే ఉన్నా, అచ్చయిన ఏడాది గడిస్తే దాని మీద వట్టం పడేది. మరికొన్నేళ్ళకు ఆ తరుగు ఇంకా పెరిగేది. చివరకు కంపెనీ ప్రభుత్వం షా ఆలం పాలనలోని 19వ సంవత్సరాన్నే అన్ని సిక్కాల మీద ముద్రించి ఈ తేడాను తొలగించవలసి వచ్చింది.

షరాబును కేవలం దోపిడీదారుగా చూడటం చరిత్రకు న్యాయం చేయదు. నాణెం పరీక్షించడం నైపుణ్యం గల పని. దూరప్రాంతాలకు హుండీ రాసి ఇవ్వడంలో నష్టభయం కూడా ఉండేది. కాబట్టి వట్టంలో కొంత భాగం నిజమైన సేవకు ప్రతిఫలమే. అయితే ఆ భాగం ఎంత, అంతకుమించి తీసుకున్నది ఎంత అన్నది షరాబుకు తెలిసినట్టు రైతుకు తెలియదు. పన్ను ఒక నాణెంలో కట్టాలి, ధాన్యం అమ్మితే మరో నాణెం చేతికి వస్తుంది. గడువు దగ్గరపడ్డ రైతుకు బేరమాడే తీరిక లేదు.

3. ఒకే రూపాయి వైపు అడుగులు

మద్రాసు ప్రెసిడెన్సీలో 1818లో వెండి రూపాయిని ప్రామాణిక నాణెంగా ప్రకటించారు. 100 వరహాలకు 350 రూపాయల చొప్పున మారకం నిర్ణయించారు. 1835 చట్టం బ్రిటిష్ పాలిత ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయిని ఇచ్చింది. దాని బరువు 180 గ్రెయిన్లు, అందులో 165 గ్రెయిన్లు స్వచ్ఛమైన వెండి. దీంతో బ్రిటిష్ ఇండియాలో రూపాయికి రూపాయికి మధ్య ఉన్న వట్టం క్రమంగా కనుమరుగైంది. అయితే సొంత నాణెం ఉన్న సంస్థానాల సరిహద్దుల్లో అది మిగిలిపోయింది. వాటిలో పెద్దది హైదరాబాద్.

4. హాలీ, కల్దారు

హైదరాబాద్ రాజ్యంలో 19వ శతాబ్దం మధ్య వరకు నారాయణపేట, గద్వాల వంటి చోట్ల కూడా టంకశాలలు ఉండేవి. ఒక్కో నాణెం ఒక్కో విలువకు చెల్లేది. 1853లో దివాన్ అయిన మొదటి సాలార్‌జంగ్ ఈ అస్తవ్యస్తతను సరిదిద్దడానికి నాణేల ముద్రణను రాజధానిలో కేంద్రీకరించాడు. 1858 నుంచి మొగల్ చక్రవర్తి పేరు తొలగి, ‘హాలీ సిక్కా’ వాడుకలోకి వచ్చింది. హాలీ అంటే ప్రస్తుతం చెల్లుతున్నది అని అర్థం. బ్రిటిష్ రూపాయిని జనం కల్దారు అనేవారు. యంత్రం మీద అచ్చయినది అని ఆ మాటకు అర్థం.

హాలీ రూపాయిలో కల్దారు కంటే తక్కువ వెండి ఉండేది. అందువల్ల రెండింటి మధ్య తేడా సహజం. అయితే ఆ తేడా ఎంత అన్నది ఏనాడూ ఒకేలా లేదు. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం టంకశాలల్లో ప్రజల వెండిని స్వేచ్ఛగా నాణేలుగా మార్చే పద్ధతిని ఆపింది. అప్పటి నుంచి కల్దారు విలువకు అందులోని వెండి ధరతో సంబంధం తెగింది. హాలీ మాత్రం వెండితో ముడిపడే ఉంది. వెండి ధర పడినప్పుడల్లా హాలీ మారకం ఒడిదుడుకులకు లోనైంది.

ఒడిదుడుకులు ఉన్నచోట మధ్యవర్తికి అవకాశం ఎక్కువ. నల్లగొండ ప్రాంతపు రైతు చేతిలో హాలీ ఉంటుంది. రాజ్యం సరిహద్దుకు ఆవల బెజవాడలో సరుకు కొనాలంటే కల్దారు కావాలి. హైదరాబాద్ నగరంలో బేగంబజార్ సాహుకారులు హుండీలు, మారకం వ్యాపారం చేసేవారు. ఆనాటి రేటు రాజధానిలో పెద్ద వర్తకుడికి తెలుస్తుంది. పల్లెలో చిన్నరైతుకు తెలిసేది తన ఊరి షరాబు చెప్పిన రేటు ఒక్కటే.

20వ శతాబ్దంలో నిజాం ప్రభుత్వం మారకాన్ని నిలకడగా ఉంచడానికి ప్రయత్నించింది. 7 హాలీ రూపాయలకు 6 కల్దారులు ప్రామాణికమైంది. అంటే 100 కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైలు హాలీ. 1918లో రాజ్యం సొంత కాగితపు నోట్లు జారీ చేసింది. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు ఏర్పడింది. ఒక ప్రకటిత రేటు, దానిని కాపాడే సంస్థ ఉన్నప్పుడు బేరానికి ఒక కొలబద్ద దొరుకుతుంది.

ఊహాత్మక ఉదాహరణ: ఒక వ్యక్తికి బెజవాడలో చెల్లించడానికి 60 కల్దారులు కావాలి. ప్రామాణిక రేటు ప్రకారం 70 హాలీ చాలు. షరాబు 72 హాలీ అడిగి, హుండీ రుసుముగా మరో 1 హాలీ తీసుకున్నాడు. మొత్తం అదనపు ఖర్చు 3 హాలీ. అందులో పేరు చెప్పి తీసుకున్నది 1 మాత్రమే. మిగిలిన 2 రేటులో కలిసిపోయాయి. 70 హాలీ అనే కొలబద్ద తెలియని వ్యక్తి తన ఖర్చు ఒక్క రూపాయే అనుకుంటాడు.

1948లో హైదరాబాద్ భారత యూనియన్‌లో కలిసిన తరువాత, 1950 నుంచి భారత రూపాయి అక్కడ చెలామణిలోకి వచ్చింది. మారకం అదే 7కు 6. హాలీ నాణేలు 1959 వరకు చెల్లాయి. హాలీ పూర్తిగా తొలగిపోవడంతో ఆ సరిహద్దు వట్టం కూడా అంతరించింది.

5. ఆన్‌లైన్ చెల్లింపుల్లో వట్టం

దేశం లోపల వట్టం పోయినా, దేశాల మధ్య అది పోలేదు. నిజామాబాద్, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్ళిన కార్మికులు ఇంటికి పంపే డబ్బు, అమెరికాలో చదివే పిల్లలకు తల్లిదండ్రులు పంపే డబ్బు, విదేశీ సంస్థలకు ఇంటి నుంచి పనిచేసేవారికి వచ్చే వేతనం, ఇవన్నీ మారకం గుండానే సాగుతాయి.

బ్యాంకులు పెద్ద మొత్తాల్లో తమలో తాము కరెన్సీలు కొని అమ్ముకుంటాయి. ఆ కొనుగోలు ధరకు, అమ్మకం ధరకు మధ్యనున్నది మధ్యస్థ రేటు. హాలీ కాలంలో 7కు 6 ఎలాంటి కొలబద్దో నేడు ఇది అలాంటిది. అయితే సాధారణ ఖాతాదారుకు చెల్లింపు సేవలు సాధారణంగా ఆ రేటు ఇవ్వవు. కొంత తగ్గించి ఇస్తాయి. ఆ తగ్గింపే నేటి వట్టం.

ఊహాత్మక ఉదాహరణ: మధ్యస్థ రేటు డాలరుకు 80 రూపాయలు అనుకోండి. 500 డాలర్లు పంపితే 40,000 రూపాయలు రావాలి. సేవాసంస్థ 2 డాలర్ల రుసుము తీసుకుని, మిగిలిన 498 డాలర్లకు 77.60 చొప్పున చెల్లించింది. చేతికి వచ్చింది 38,644 రూపాయల 80 పైసలు. తగ్గినది 1,355 రూపాయల 20 పైసలు. ఇందులో రుసుము విలువ 160 రూపాయలు. రేటులో పోయినది 1,195 రూపాయల 20 పైసలు. కనిపించిన ఖర్చు 0.4 శాతం. అసలు ఖర్చు దాదాపు 3.4 శాతం.

ఇలాంటి ఖర్చు మూడు సందర్భాల్లో ముఖ్యంగా ఎదురవుతుంది. మొదటిది, ‘రుసుము లేదు’ అని చెప్పి రేటులో తగ్గించడం. రెండోది, విదేశీ దుకాణంలో కార్డు గీసినప్పుడు ధరను మన రూపాయల్లో చూపి, అక్కడే మార్చడం. రూపాయల్లో చూడటం సౌకర్యంగానే ఉంటుంది, కాని ఆ రేటును నిర్ణయించేది మార్చే సంస్థ. మూడోది, రెండుసార్లు మార్చడం. ఒక కరెన్సీని డాలరులోకి, డాలరును రూపాయిలోకి మార్చేటప్పుడు ప్రతిసారీ 2 శాతం పోతే, 100కు చివర మిగిలేది 96.04.

6. ఖర్చును వెలుగులోకి తెచ్చే ప్రయత్నాలు

2008 నుంచి ప్రపంచ బ్యాంకు వివిధ దేశాల మధ్య డబ్బు పంపే ఖర్చును ప్రచురిస్తోంది. అందులో రుసుముతోపాటు మారకపు తేడాను కూడా కలుపుతారు. 2009లో జి-8 దేశాలు ఈ ఖర్చును ఐదేళ్ళలో 10 శాతం నుంచి 5 శాతానికి తగ్గించాలని లక్ష్యం పెట్టుకున్నాయి. ఐక్యరాజ్యసమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో 2030 నాటికి దానిని 3 శాతంలోపు తేవాలన్నది ఒకటి. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన నిబంధన, కార్డు చెల్లింపుల్లో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు రేటుకన్నా ఎంత శాతం అదనంగా తీసుకుంటున్నారో వినియోగదారుకు చెప్పాలని ఆదేశించింది. 2023 ఫిబ్రవరిలో భారతదేశపు యూపీఐ, సింగపూర్‌కు చెందిన పేనౌ అనుసంధానమయ్యాయి.

వీటన్నిటిలో ఉన్న సూత్రం హాలీ కాలం నాటిదే. అందరికీ తెలిసిన ఒక రేటు పక్కన పెట్టి చూపినప్పుడే వట్టం ఎంతో బయటపడుతుంది.

7. సారాంశం

రెండు నాణేలు కలిసేచోట మార్చేవాడి సేవకు కొంత ఖర్చు తప్పదు. అది రేటులో కలిసిపోయి, కొలబద్ద తెలియని చిన్న మనిషి మీద ఎక్కువగా పడటం అసలు సమస్య. సిక్కా రూపాయి మీద ఏడాదిని స్థిరపరచడం, 1835 నాటి ఒకే రూపాయి, 7కు 6 అనే ప్రకటిత మారకం, నేటి పారదర్శకతా నిబంధనలు ఈ సమస్యకు వేర్వేరు కాలాల్లో చూపిన పరిష్కారాలు. డబ్బు పంపేవారు ‘రుసుము ఎంత’ అని కాక, ‘అవతల చేతికి ఎంత అందుతుంది’ అని అడగాలి. ఆ మొత్తాన్ని మధ్యస్థ రేటుతో పోల్చితే దాగిన ఖర్చు తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 7 హాలీ = 6 కల్దారులు అయితే, 84 కల్దారులకు ఎన్ని హాలీ రూపాయలు?
2. కల్దారు విలువకు వెండి ధరతో సంబంధం తెగిపోయిన సంవత్సరం ఏది?

జవాబులు: 1) 98 హాలీ 2) 1893

నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. హైదరాబాద్ రాజ్యంలో హాలీ, కల్దారు రూపాయల మారక చరిత్రను వివరించండి.
2. ‘వట్టం రూపం మారింది కాని అంతరించలేదు.’ చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. షరాబు చేసిన సేవ, దాని పరిమితులు తెలపండి.
2. ఆన్‌లైన్ చెల్లింపుల్లో దాగిన మారకపు ఖర్చును ఒక ఉదాహరణతో లెక్కించండి.