ఓటొచ్చింది, పేరు దక్కిందా?

తెలుగు నేలమీద ఆడవాళ్లకు ఓటెప్పుడొచ్చిందంటే చదువుకున్నవాళ్లు 1921 అంటారు. ఆ ఏడాది మద్రాసు శాసనమండలి స్త్రీలకు ఓటిచ్చిన మాట నిజమే. అయితే అది ఆస్తికీ, కట్టే పన్నుకూ ముడిపడిన ఓటు. 1935 చట్టం చదువొచ్చిన స్త్రీలనూ, ఆస్తిపరుల భార్యలనూ కలుపుకుంది. భూమీ బడీ దక్కని దళిత స్త్రీలలో ఎక్కువమంది బయటే ఉండిపోయారు. అమెరికాలోనూ ఇదే తంతు. 1920లో స్త్రీలకు ఓటొచ్చినా, దక్షిణాదిలో నల్లజాతి స్త్రీలను చదువు పరీక్షలతో, ఓటు పన్నుతో 1965 చట్టం దాకా అడ్డుకున్నారు.

మా కూకట్‌పల్లి అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది. మద్రాసు ఓటు ఇక్కడికి రానేలేదు. సైమన్ కమిషన్ ముందు 1928లో అంబేద్కర్ అడిగిన వయోజన ఓటు, రాజ్యాంగం వచ్చాక 1952 ఎన్నికల్లో ఇక్కడి కూలి ఆడవాళ్ల చేతికందింది. అందుకే ఈ చరిత్రను 1921 నుంచి కాదు, 1952 నుంచి లెక్కపెట్టాలంటాం.

ఆ తొలి జాబితాలోనే ఇంకో సంగతుంది. సొంత పేరు చెప్పకుండా ఫలానా వాడి భార్య, ఫలానా వాడి తల్లి అని రాయించుకున్న దాదాపు 28 లక్షలమంది స్త్రీలను కొట్టేశారు. వీళ్లలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్లు.

మన నగరంలోనే పేరుతో నిలబడ్డ దళిత స్త్రీలున్నారు. బొల్లారంలో సఫాయి పనివారి కులంలో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి 1957లో శాసనసభకు గెలిచి, తర్వాత శాసనసభ ఉపసభాపతి అయ్యారు. సికింద్రాబాద్ చిలకలగూడ నుంచి కౌన్సిలర్‌గా మొదలైన జె. ఈశ్వరీబాయి 1967లో ఎల్లారెడ్డిలో ఆమెపైనే గెలిచారు. ఇద్దరూ దళిత స్త్రీలే, ఇద్దరికీ సొంత రాజకీయం ఉంది. స్త్రీల ఓటు చరిత్ర రాసేవాళ్లు ఈ పోటీని ఎందుకు చెప్పరు?

కూకట్‌పల్లి మునిసిపాలిటీ 2007లో మహానగరంలో కలిసిపోయింది. ఇక్కడి అడ్డామీద టిఫిన్ డబ్బాతో మేస్త్రీ కోసం నిలబడ్డ అక్కల్ని ఓటెక్కడని అడగండి. "మా ఊళ్లనే ఉంది" అంటారు చాలామంది. పోలింగు నాడు ఊరికి పోవాలంటే కూలి పోతుంది, పైగా బస్సు చార్జీ. మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే ఓటు నమోదు చేసుకోవచ్చని చట్టం చెబుతోంది. కాని అద్దె కాగితం లేని గుడిసెకు చిరునామా ఎవరిస్తారు?

నాడు ఆస్తి అడిగారు, నేడు చిరునామా అడుగుతున్నారు. ఫారం 8 పట్టుకుని మనం బస్తీలకు పోవాలి. ఒక్కో అక్క పేరు, ఆమె సొంత పేరే, రాయించాలి.