దూలగొండి గింజ, గడియారం వేళ

1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు పరిశోధకులు దూలగొండి గింజల నుంచి లెవోడోపాను వేరుచేశారు. కంచెల మీద పాకి, తాకితే ఒళ్లంతా దురద పుట్టించే ఆ తీగ గింజను ఆయుర్వేదం వాతరోగాలకు వాడుతూనే ఉంది. అందులో ఉన్నది పార్కిన్సన్ జబ్బుకు మందని తేలడానికి మాత్రం ఇంకా పాతికేళ్లు పట్టింది.

ఈ జబ్బును లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లోనే వర్ణించాడు. ఆ తర్వాత చాలాకాలం బెల్లడోనా జాతి మందులతోనే నెట్టుకొచ్చారు. వణుకు కొంత తగ్గేది. నోరు ఎండిపోయేది, మతి తడబడేది. నేటి ట్రైహెక్సిఫెనిడిల్ కూడా ఆ తోవలోదే. అందుకే పెద్దవయసువారికి దాన్ని ఇవ్వాలంటే వైద్యులు వెనకాడతారు.

అసలు మలుపు మన సర్పగంధితో వచ్చింది. 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రక్తపోటుకూ ఉన్మాదానికీ అది పనిచేస్తుందని రాశారు. 1952లో స్విట్జర్లాండ్‌లో దాని నుంచి రెసర్పిన్ తీశారు. ఆ మందు వాడిన కొందరు బిగుసుకుపోయి వణకడం మొదలుపెట్టారు. స్వీడన్‌లో కార్ల్‌సన్ 1957లో రెసర్పిన్‌తో కదలకుండా పడిపోయిన జంతువులకు లెవోడోపా ఇస్తే అవి లేచి తిరిగాయి. లెవోడోపా డోపమిన్‌గా మారుతుంది కాబట్టి, మెదడులో డోపమిన్ తరిగితే కదలిక పోతుందని తెలిసింది. 1960లో వియన్నాలో హోర్నికివిచ్, పార్కిన్సన్ జబ్బుతో చనిపోయినవారి మెదళ్లలో అదే కొరతను చూపించాడు.

అయినా మందు వెంటనే అక్కరకు రాలేదు. 1913లోనే గుగ్గెన్‌హైమ్ లెవోడోపాను తానే 2.5 గ్రాములు మింగి విపరీతంగా వాంతులు చేసుకున్నాడు. 1967లో అమెరికాలో కొట్జియాస్ కొద్దికొద్దిగా మొదలుపెట్టి వారాల తరబడి మోతాదు పెంచుతూ పోయాడు. ఆ ఓపికే రోగులను నడిపించింది. తర్వాత కార్బిడోపా జత కలిసింది. లెవోడోపా మెదడుకు చేరకముందే ఒంట్లో మారిపోకుండా అది కాపాడుతుంది కాబట్టి మోతాదు దాదాపు నాలుగోవంతుకు దిగింది, వాంతులూ తగ్గాయి.

ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మందు దొరకడం కాదు, దాన్ని ఎంత, ఎప్పుడు ఇవ్వాలో తెలుసుకోవడానికి పట్టిన కాలం. ఆ పని ఇప్పుడు ఇళ్లలో జరుగుతోంది. తమిళనాడు సరిహద్దులోని మా హోసూరు వాళ్లకు బెంగళూరు దగ్గర. హోసూరు రోడ్డు మీదే 1974లో ఏర్పడిన మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. చీటీ అక్కడ రాస్తారు, మాత్రలు ఇక్కడి తమిళ దుకాణంలో కొంటారు, వేసేది తెలుగు మాట్లాడే ఇంట్లో. మాత్రల పెట్టె మీది 110 అంటే 10 మిల్లీగ్రాముల కార్బిడోపా, 100 లెవోడోపా. 275 అంటే 25, 250. 110 లేదని 275 తెచ్చుకుంటే మోతాదు రెండింతలు దాటిపోతుంది.

లెవోడోపాతో మాంసకృత్తులు పోటీపడతాయి. సంగటిలోకి అనపగింజల పులుసో, పప్పో, గుడ్డో ఉంటే మాత్రను తిండికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోవాలి. ఇనుము మాత్రకూ దీనికీ ఎడం ఉండాలి. నెమ్మదిగా కరిగే రకం మాత్రను నూరకూడదు. దూలగొండి పొడి కూడా తింటుంటే వైద్యుడికి చెప్పి తీరాలి, అందులోనూ లెవోడోపాయే ఉంది. మాత్రలు హఠాత్తుగా మానేస్తే తీవ్ర జ్వరం, ఒళ్లు బిగుసుకుపోవడంతో ప్రాణం మీదికి రావచ్చు.

మందే వణుకు తెప్పించగలదని సర్పగంధి నేర్పిన పాఠాన్ని మనం ఇంకా సరిగా పట్టించుకోలేదు. తలతిరుగుడుకు సిన్నారిజిన్, పార్శ్వనొప్పికి ఫ్లునారిజిన్, గ్యాసుకు లెవోసల్పిరైడ్, వాంతికి మెటోక్లోప్రమైడ్ నెలల తరబడి వాడేవారున్నారు. ఇవన్నీ డోపమిన్‌కు అడ్డుపడి, లేని వణుకు తెప్పించగలవు, ఉన్నదాన్ని పెంచగలవు. వణుకు కొత్తగా మొదలైతే ముందు పాత చీటీలు తిరగేయాలి.

2021 ఆగస్టు 5న ఇంటింటికీ మందులు చేర్చే తమిళనాడు ప్రభుత్వ పథకం హోసూరు ఉన్న ఈ కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైంది. 2022 జనవరిలో కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల తెరుచుకుంది. మందూ ఆసుపత్రీ దగ్గరికొచ్చినా వేళ చూసుకోవడం ఇంటివాళ్ల పనే. ఇక వేరే జబ్బుతో ఆసుపత్రిలో చేరాల్సి వస్తే, మాత్రల పేర్లు, బలాలు, గడియారం వేళలు రాసిన కాగితం వార్డు నర్సు చేతికివ్వాలి. వాంతి ఇంజెక్షన్‌గా మెటోక్లోప్రమైడ్ వద్దని దాని మీదే పెద్ద అక్షరాలతో రాయాలి.